తెర దాటిపోయే బటన్లు, అందుకోలేని మనుషులు

హనుమకొండ, వరంగల్, కరీంనగర్‌లలో కళాశాలలకూ దుకాణాలకూ వెబ్‌సైట్లు తయారుచేసే మన యువతీయువకులు ఒక విషయాన్ని పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తోంది. తెరకు అతుక్కొని ఉండే మెనూలు, పాపప్ పెట్టెలు ల్యాప్‌టాప్‌లో చక్కగానే కనిపిస్తాయి. చూపు తగ్గిన పెద్దవారు చిన్న ఫోనులో అక్షరాల పరిమాణం పెంచుకొని అదే పేజీ తెరిస్తే మాత్రం ‘సమర్పించండి’ అనే బటన్ తెర కిందికి జారిపోతుంది. వేలితో ఎంత జరిపినా వెనుక ఉన్న పేజీ కదులుతుందే తప్ప ఆ బటన్ పైకి రాదు. ఈ ఒక్క బటన్ అందక, ఫోనులో ఫీజు కట్టలేక ఇంటర్నెట్ సెంటర్‌కు డబ్బిచ్చి పని చేయించుకొనేవారిని మా వీధిలోనే చూస్తున్నాను.

పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ భాషలో పొజిషన్‌ను ఫిక్స్‌డ్ చేసిన (తెరకు అతికించిన) పెట్టె పేజీ వరుసలోంచి బయటికి వచ్చి, సాధారణంగా వ్యూపోర్ట్‌నే, అంటే తెరపై పేజీ కనిపించే భాగాన్నే, ఆధారం చేసుకొంటుంది కనుక, అందులో తెర దాటిన భాగం పేజీ పొడవులో కలవదు. నిలువునా పొంగిన భాగాన్ని ఏం చేయాలో చెప్పే ఓవర్‌ఫ్లో-వైకి ఆటో (అవసరమైతే స్క్రోల్) అని రాస్తే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. ఎత్తుకు హద్దే లేనప్పుడు పెట్టె తన సరుకుతోపాటు పొడవెక్కుతూ పోతుంది కాబట్టి, స్క్రోల్ చేయవలసిన అవసరమే బ్రౌజర్‌కు కనిపించదు. అందుకే హద్దు కోసం టాప్, బాటమ్ రెండింటికీ సున్నా ఇవ్వాలి, లేదా మ్యాక్స్-హైట్ (గరిష్ఠ ఎత్తు) నిర్ణయించాలి. ఆ హద్దుగా 100 వీహెచ్ (వ్యూపోర్ట్ ఎత్తులో నూరు శాతం) ఇస్తే ఫోన్లలో మరో చిక్కు వస్తుంది: అడ్రస్ బార్ దాగినప్పటి ఎత్తునే అది లెక్కిస్తుంది, బార్ కనిపిస్తున్నంతసేపూ అడుగుభాగం మరుగునే ఉంటుంది. ప్రధాన బ్రౌజర్లన్నీ 2022లోనే, బార్ కనిపించినా దాగినా దానికి తగ్గట్టు మారే డీవీహెచ్ కొలతను అందుకొన్నాయి. దానిని వాడడానికి ఇంకా వెనుకాడడం నాకు సమంజసంగా తోచదు. పెట్టె చివరికి చేరగానే వెనుక పేజీ కదలడం మొదలైతే ఓవర్‌స్క్రోల్-బిహేవియర్‌కు కంటెయిన్ అని ఇస్తే ఆగుతుంది.

తెలుగు పేజీలకు ఇది మరింత ముఖ్యం. వత్తులు, గుణింతాల వల్ల మన వరుసలకు ఎక్కువ ఎత్తు కావాలి. ఇంగ్లీషు మాటలతో కొలిచి కట్టిన పెట్టెలో తెలుగు వాక్యాలు పోస్తే అవి పొంగక తప్పదు. అక్షరాలను 200 శాతానికి పెంచినా సమాచారం, సౌకర్యం ఏదీ పోకూడదని వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు స్పష్టంగా చెబుతున్నాయి. విద్యార్థుల ప్రాజెక్టులు దిద్దే అధ్యాపకులు తెర వెడల్పును 320 పిక్సెళ్లకు కుదించి, ఎత్తునూ తగ్గించి, పెట్టెను తెలుగుతో నింపి, చివరి బటన్ వేలికి అందుతున్నదో లేదో చూసిన తరువాతే మార్కులు వేయాలని కోరుతున్నాను.