ఐస్‌లాండ్ రింగ్ రోడ్డుని పరుగు పందెం చేయకండి

లండన్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్ళు ఐస్‌లాండ్ వెళ్ళొస్తే మొదట చెప్పే మాట, "ఐదు రోజుల్లో రింగ్ రోడ్డు మొత్తం కొట్టేశాం". ఆ దేశం చుట్టూ తిరిగొచ్చే హైవే అది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్లాన్లూ అలాగే ఉంటాయి. పొద్దున్నే ఒక జలపాతం, అరగంటకి ఇంకోటి, రాత్రికల్లా మరో ఊరు. అంత ఖర్చు పెట్టి, అంత దూరం వెళ్ళి, దేశాన్ని కారు అద్దంలోంచి చూసి రావడం నాకు చాలా బాధగా ఉంటుంది.

రింగ్ రోడ్డు పొడవు 1,322 కిలోమీటర్లు. మన హైవేల లెక్కలో చూస్తే ఐదు రోజులు ఎక్కువే అనిపిస్తుంది. కానీ అక్కడ తారు రోడ్డు మీద కూడా గంటకి 90 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఇప్పటికీ కొన్ని వంతెనల మీద ఒక్క కారే పడుతుంది, ఎదుటివాళ్ళు దాటేదాకా ఆగాలి. గాలి లేచిందంటే తెరిచిన కారు తలుపు ఊడొచ్చేస్తుంది. హడావిడి ప్లాన్ ఉన్నవాళ్ళకి హోటల్ బుకింగ్ టెన్షన్ ఒకటి, అందుకే వాతావరణ హెచ్చరిక వచ్చినా బయల్దేరతారు. ఇది మాత్రం ప్రాణాలతో చెలగాటమే.

అసలు నష్టం దక్షిణ తీరంలో వీక్ అనే ఊరి నుంచి హోఫ్న్ అనే ఊరి వరకు ఉన్న 270 కిలోమీటర్ల దగ్గర జరుగుతుంది. దాన్ని ఒక్క పూటలో దాటేస్తారు. అక్కడే ఎల్డ్‌హ్రైన్ ఉంది, 1783లో లాకి అనే అగ్నిపర్వత పగుళ్ళలోంచి పొంగిన లావా, ఇప్పుడు దాని మీదంతా మెత్తటి నాచు. ఆ విస్ఫోటం తర్వాత వచ్చిన కరువులో దేశ జనాభాలో ఐదో వంతు పోయారు. ఆ నాచుని ఒక్కసారి తొక్కి నలిపితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. అయినా ఫోటో కోసం తాడు దాటి వెళ్తారు.

ఇంకాస్త ముందుకెళ్తే స్కెయిదరార్‌సాందుర్, హిమానీనదం కరిగిన నీళ్ళు తెచ్చిపోసిన నల్ల ఇసుక మైదానం. దీన్ని దాటలేకే ఈ రోడ్డు 1974 దాకా పూర్తి కాలేదు. 1996లో వత్నయోకుల్ అనే పెద్ద హిమానీనదం మంచు కింద అగ్నిపర్వతం పేలింది. కరిగిన నీరంతా కొన్ని వారాల పాటు లోపలే నిండి, నవంబరు 5న ఒక్కసారిగా బయటపడింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేంత వరద, పొద్దున మొదలై రాత్రికల్లా పతాకస్థాయికి చేరింది. ఒక వంతెన పూర్తిగా, ఇంకోటి కొంతమేర కొట్టుకుపోయాయి. ముందే పసిగట్టి రోడ్డు మూసేయడంతో ఒక్కరూ చనిపోలేదు. మెలితిరిగిన ఉక్కు దూలాలు ఇప్పటికీ రోడ్డు పక్కనే ఉన్నాయి. చాలామంది వాటి పక్కనుంచే ఆగకుండా వెళ్ళిపోతారు.

అక్కడే 880 మీటర్ల పాత వంతెన కూడా ఉంది. హిమానీనదం వెనక్కి తగ్గడంతో 2009లో దాని కింద పారే నది దారి మార్చుకుని పక్క నదిలో కలిసిపోయింది. 2017లో ఆ వంతెనని వాడకం నుంచి తీసేశారు. వాతావరణ మార్పు గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా రాని అవగాహన, నీళ్ళు లేని ఆ వంతెన పక్కన పావుగంట నిలబడితే వస్తుంది.

అందరూ పడవెక్కి ఫోటోలు దిగే యోకుల్సార్లోన్ సరస్సు కూడా వందేళ్ళ కిందట లేదు. 1930ల నుంచి మంచు వెనక్కి జరుగుతుంటే ఆ గుంతలో నీరు చేరి ఏర్పడింది. ఇప్పుడు లోతు 200 మీటర్ల పైనే. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఈ సంగతి అక్కడే నిలబెట్టి చెప్పండి. నీళ్ళలో తేలే మంచుగడ్డ అందంగా ఉందని చెప్పి ఊరుకుంటే వాళ్ళకి సగమే చూపించినట్టు.

పన్నెండు, పద్నాలుగు రోజుల సెలవు దొరికితే చుట్టూ తిరగండి, ఉత్తరాన కూడా గొప్ప చోట్లు ఉన్నాయి. ఐదారు రోజులే ఉంటే హోఫ్న్ దాకా వెళ్ళి, అదే దారిలో వెనక్కి రండి. ఆ ఇసుక మైదానం పక్కనే ఉన్న స్కాఫ్తాఫెల్ దగ్గర కనీసం రెండు రాత్రులు ఉండండి. ఒక రోజు వానకి పోయినా ఇంకో రోజు మిగులుతుంది. "మరి రింగ్ పూర్తి కాలేదుగా" అని అడిగేవాళ్ళకి నీళ్ళు లేని ఆ వంతెన ఫోటో చూపించి కథంతా చెప్పండి.