చింతపండు తాగిన రంపం

కావలిలో మా బావకి పిండిమర ఉంది. లోకంలో తిరిగే వస్తువేదైనా తన చేతిలో పడితే బాగుపడుతుందని ఆయన నమ్మకం. అందుకే పాత ఇనుము కొట్టులో వెల్లకిలా పడున్న బ్యాండ్ సా, అంటే బెల్టులా తిరిగే బ్లేడుతో కర్ర కోసే రంపం, కంటపడగానే బండి ఆపేశాడు. మూతపడిన సామిల్లు సరుకట. పైనొక చక్రం, కిందొక చక్రం, మధ్యలో కర్ర పెట్టే బల్ల, అంతా పోత ఇనుమే.

"ఇప్పుడన్నీ రేకుతో చేస్తున్నారబ్బయ్యా. దీని బరువే దీనికి బలం, ఎంత జోరుగా తిరిగినా అదరదు" అన్నాడు నాతో. కొట్టువాడికీ ఆ బరువే నచ్చినట్టుంది, కాటా వేసి కేజీల లెక్కన డబ్బు తీసుకున్నాడు.

తుప్పుకి చక్రాలు బిగుసుకుపోయాయి. ఆటో కుర్రాడు సుత్తి ఎత్తితే బావ అడ్డం పడ్డాడు. పోత ఇనుము దెబ్బకి వంగదు, పగులుతుంది. తుప్పుకి మందు పులుపేనని ఆయన తేల్చాడు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, అది తుప్పుని కరిగిస్తుంది. ఇత్తడి బిందెలు తోమే మా అక్కకి ఇదేం కొత్త కాదు. కాకపోతే బిందెకి నిమ్మకాయంత చాలు. ఈ చక్రాలకి, ఉప్పు కలిపి ఏడాదికని జాడీలో దాచిన చింతపండంతా రాత్రికి రాత్రే నీళ్ల తొట్టిలోకి పోయింది.

తెల్లారితే ఆదివారం. చేపల పులుసు తినాలని మద్రాసు నుంచి అక్క ఆడబిడ్డ వాళ్లు దిగారు. కొర్రమీను కడిగిపెట్టుకుని అక్క జాడీ మూత తీసింది.

"ఏందయ్యా, చింతపండేదీ?"

బావ తొట్టి చూపించాడు. నల్లటి నీళ్లలో చక్రం తళతళలాడుతోంది.

కొర్రమీను వేపుడైపోయింది. ఆ వాసన వస్తుండగా బావ చుట్టాలకి చరిత్ర అందుకున్నాడు. బ్యాండ్ సాకి ఇంగ్లండులో విలియం న్యూబెర్రీ పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే పేటెంటు తీసుకున్నాడు గానీ, అతికిన బ్లేడు నిలిచేది కాదట. 1846లో ఫ్రాన్సులో క్రెపాన్ అనే ఆవిడ మంచి అతుకు కనిపెట్టాకే దారి పడిందట.

"ఆమె చింతపండు వాడిందా?" అంది అక్క వంటింట్లోంచి.

కడిగిన ఇనుముకి వెంటనే నూనె పట్టించకపోతే మళ్లీ తుప్పు లేస్తుందని బావ అనేసరికి, వంటింటి తలుపుకి లోపల్నుంచి గొళ్లెం పడింది.

బేరింగులు, చక్రాల మీది రబ్బరు మార్చి, పిండిమర త్రీఫేజు లైనుకే కలిపి మామిడి చెక్క పెట్టాడు. కోత లేదు, పొగ వచ్చింది. మోటారు ఎదురు తిరుగుతోందని బావ తీర్మానం. మూడు వైర్లలో ఏ రెండు అటూ ఇటూ మార్చినా మోటారు దిశ మారుతుంది. మార్చాడు. ఈసారి పళ్లు చెక్కని బాగానే పట్టాయి, పట్టి పైకి లేపాయి. చెక్క పైరేకుకి తగిలి ఎవరిదో బియ్యప్పిండి డబ్బాలో పడింది.

వడ్రంగి మేస్త్రి వచ్చి ఒక్క చూపు చూశాడు. "పళ్లు కిందికి ఉండాలయ్యా. బ్లేడు చెక్కని బల్లకేసి అదమాలి, ఎగరేస్తే ఎట్టా?" అంటూ బ్లేడు ఊడదీసి, చొక్కా తిరగేసినట్టు లోపలి వైపు బయటికి తిప్పి ఎక్కించాడు. బావ స్విచ్చి మీద చెయ్యేశాడు.

"గమ్మునుండు! ఆ వైర్లు మళ్లీ మార్చేది లేదా?" అని మేస్త్రి అరిచాడు.

వైర్లు మారాయి. రంపం వెన్నలా కోస్తోందని వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. మొదటి పని మాత్రం అక్క ముందే చెప్పిపెట్టింది: జాడీలుండే అలమరకి తలుపులు, తాళం పట్టేవి.