33 శాతానికి తగ్గకుండా నష్టపోవడం ఎలా?

అక్టోబరు వచ్చిందంటే సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లాలో ఇంటికి రావలసిన చుట్టాలు ఇద్దరు. దసరాకు అల్లుడు, ఆ వెనకే తుపాను. అల్లుడు ఓ ఏడాది మానేయొచ్చు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చింది. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ వచ్చింది. 2018లో తిత్లీ ఒక్కరోజు ముందే, 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర గడప తొక్కింది. గులాబ్ మాత్రం తొందరపడి 2021 సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గర దిగిపోయింది. ఇంత నిక్కచ్చిగా తేదీ పాటించే చుట్టానికి కూడా మనం ప్రతిసారీ "చెప్పాపెట్టకుండా వచ్చేశావేం" అంటూనే ఎదురెళ్తాం.

దీన్ని పై ఊళ్లవాళ్లు నిర్లక్ష్యం అంటున్నారు. ఆ ఆరోపణను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. మనవాళ్లు లెక్క తెలిసినవాళ్లు. పంట 33 శాతం, ఆపైన పోతేనే పెట్టుబడి రాయితీ వస్తుంది. 32 పోతే ఏమీ పోనట్టే. తుపాను కబురు వినగానే రెట్టింపు కూలి ఇచ్చి మనుషుల్ని పిలిచి, కోసిన వరిని గట్టుకు చేర్చి కుప్పేసి, టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించి, చుట్టూ కాలువ తీసుకున్న రైతు ఒకడున్నాడనుకోండి. ఇంతా చేస్తే అతని నష్టం ఇరవై శాతం దగ్గర ఆగిపోయింది. పక్క మడి ఆసామి దుప్పటి ముసుగెట్టి పడుకున్నాడు, అరవై పోయింది. ఎన్యూమరేషన్‌కు, అంటే నష్టం లెక్క రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఎవరి గట్టు మీద ఆగుతారు? ఎవరితో ఫోటో దిగుతారు? మొదటివాడికి మిగతా ఎనభై శాతం ఉంది కదా అంటారు. ఉంది. దాన్ని చూడ్డానికి మాత్రం ఏ జీపూ రాదు.

కొబ్బరి సంగతీ అంతే. తిత్లీకి కూలిన చెట్టుకు మొదట 1,500 రూపాయలన్నారు. ప్రభుత్వం మారాక 3,000 చేశారు. కూలకుండా నిలబడ్డ చెట్టుకు ఎంతో ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. కొత్త మొక్క నాటితే చేతికి కాయ రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆలోగా ఎన్ని అక్టోబర్లు వస్తాయో రైతే లెక్కేసుకోవాలి.

ఇక ముందస్తు హెచ్చరికల విషయం. ఓడలు రావడం మానేసి దశాబ్దాలైన కళింగపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని టీవీ చెబుతుంది. సూచికలు పదకొండు దాకా ఉన్నాయి కాబట్టి మూడంటే ఇంకా పాసు మార్కులు కూడా రాలేదన్నమాట, అనుకుని మనవాళ్లు టీ తాగడానికి వెళ్తారు. జేబులో ఫోను గీపెట్టి తుపాను హెచ్చరిక మెసేజ్ చూపిస్తే లోన్ యాప్ వాళ్లేమోనని నొక్కేస్తారు. టీ కొట్టు దగ్గర మా వైపు వాతావరణ కేంద్రం ఒకటి పనిచేస్తుంటుంది. అక్కడ చుట్ట కాల్చుకునే తాత తూర్పుకు ఒకసారి చూసి తేల్చేస్తాడు. "ఏటవ్వదు బాబూ. అది గోపాలపూర్ ఎళ్లిపోద్ది."

ఫైలిన్ నిజంగానే ఒడిశాలోని గోపాలపూర్ వెళ్లింది. వెళ్తూ వెళ్తూ మా జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరితోటల్ని పరామర్శించి మరీ వెళ్లింది. కానీ తాత మాట తప్పలేదు కదా!

ఇంట్లో ఏర్పాట్లు చూడండి. అటక మీద టార్చిలైటు ఉంటుంది. దాంట్లో సెల్లులు ఎప్పుడో కారిపోయి, స్ప్రింగుకు పచ్చగా పట్టుకుని ఉంటాయి. మూత తిరగదు. పట్టకారు కావాలి. పట్టకారు పక్కింటివాళ్లు పట్టికెళ్లి మూడు నెలలైంది. వాళ్లతో ప్రస్తుతం మాటల్లేవు. ఇన్వర్టరున్న ఇంట్లో బ్యాటరీ మొత్తాన్ని టీవీకి కేటాయిస్తారు, తుపాను ఎక్కడిదాకా వచ్చిందో చూడ్డానికి. అది ఇంటి మీదకొచ్చే వేళకు బ్యాటరీ అయిపోతుంది. అప్పటికి టీవీ అవసరం కూడా ఉండదు, పెంకులే చెబుతాయి.

తాగే నీళ్లు పైపులో వస్తాయి. పైపులోకి మోటారు తోడుతుంది. మోటారు కరెంటుతో ఆడుతుంది. కరెంటు స్తంభాల మీద వస్తుంది. తిత్లీకి స్తంభాలు వరసగా పడుకున్నాక ఈ శాస్త్రం ఉద్దానంలో చిన్నపిల్లలకు కూడా బోధపడింది. అయినా మళ్లీ గాలి కబురొస్తే గోలేలూ బిందెలూ నింపేది ఆడవాళ్లే. బియ్యం డబ్బా మంచం మీదికెక్కించి, అటుకులూ చోడిపిండీ విడిగా మూటకట్టి, బీపీ మాత్రలు పది రోజులకు సరిపడా తెప్పించి, దూడల పలుపులు విప్పమని అరిచేదీ వాళ్లే. మగవాళ్లు ఈ మొత్తం వ్యవహారాన్ని "ఊరికే టెన్షన్ పడుతుంది" అని ఒక్క మాటలో కొట్టిపారేసి, పెరట్లో ఎండిన కొబ్బరి మట్టలు కొట్టించే పని వచ్చే వారానికి వాయిదా వేస్తారు. ఆ మట్టలే అర్ధరాత్రి రేకుల మీద పడి అందరినీ లేపుతాయి.

కాగితాల దగ్గర మాత్రం మన ముందుచూపుకు నేనే నివ్వెరపోయాను. పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం అన్నీ ఒక రేకు పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను మంచం కింద నేల మీద పెడతారు. నష్టపోయామని రుజువు చేయడానికి ఏ కాగితాలు కావాలో, నీళ్లు మొదట వాటినే తడుపుతాయి. పది రూపాయల పాలిథిన్ సంచిలో చుట్టి పైన పెట్టొచ్చు. అప్పుడు నకళ్ల కోసం మండలాఫీసు చుట్టూ తిరిగే అవకాశం పోతుంది.

తీర గ్రామాల్లో తుపాను షెల్టర్లున్నాయి. ఒక ఊళ్లో (పేరు చెప్పను, అక్కడ నాకు చుట్టరికాలున్నాయి) గాలి మొదలయ్యాక జనం పిల్లల్ని ఎత్తుకుని షెల్టరు దాకా వెళ్లారు. తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన కూలి పనికి చెన్నై వెళ్లాడు. ఫోన్ చేస్తే, చెవి తన మొలతాడుకే భద్రంగా ఉందని హామీ ఇచ్చాడు. చివరికి బండరాయితో తాళం పగలగొట్టారు. లోపల వినాయకుడి పందిరి గుంజలు, సీరియల్ లైట్లు, ఎవరివో జీడిపిక్కల బస్తాలు హాయిగా తలదాచుకుంటున్నాయి. జనం వాటి మధ్య సర్దుకుని బతికి బయటపడ్డారు. మర్నాడు పెద్దమనుషుల పంచాయితీ జరిగింది. కొత్త తాళం డబ్బులు ఎవరు కట్టాలన్నదే అజెండా.

విజయనగరం జిల్లాకు సముద్రం తగిలేది భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లోనే. అందుకని మిగతావాళ్లు తమను మినహాయించినట్టే భావిస్తారు. ఉరిమినప్పుడు చింతచెట్టు కింద నిలబడి మనవైపు జాలిగా చూస్తారు.

గాలి నడినెత్తిన ఉండగా ఒక్కసారి ఆగిపోతుంది. చుక్కలు కూడా కనిపించవచ్చు. అది తుపాను కన్ను. కాసేపటికి గాలి అవతలి దిక్కు నుంచి మళ్లీ అందుకుంటుంది. మనవాళ్లు సరిగ్గా ఈ విరామంలోనే రేకులు ఎక్కడ పడ్డాయో వెతకడానికి బయల్దేరుతారు. అంతా అయిపోయి ఎండ కాశాక రెండో ఆట ఉంటుంది. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవి. అక్కడ కురిసిన వాన తీరిగ్గా కిందికి దిగుతుంది. మన ఆకాశంలో మబ్బు తునక లేకుండా గెడ్డలు పొంగుతుంటే, నడుము లోతు నీళ్లలో బైకు తోసుకెళ్తూ వీడియో తీయించుకునేవాడు ప్రతి ఊళ్లో ఒకడుంటాడు. వీడియో తీసేవాడు ఒడ్డునే ఉంటాడు.

ఉద్దానంలో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవాళ్లున్నారు. రోడ్డుకు అడ్డంగా ఒక్క పనస చెట్టు పడితే చాలు, వాళ్ల వంతు తప్పిపోతుంది. గాలి రాకముందే వంతు ముందుకు జరపమని డయాలసిస్ కేంద్రానికి ఫోన్ చేసి అడగాలి, అవసరమైతే వాళ్లను ముందురోజే ఆ కేంద్రం ఉన్న ఊరికి చేర్చాలి. ఇందులో నాకు నవ్వు రావడం లేదు, దాటేస్తున్నాను.

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వానికి నాదొక విన్నపం. ఎన్యూమరేషన్ ఫారంలో "పోయినవి" పక్కన "మిగిలినవి" అని ఇంకో కాలమ్ పెట్టాలి. తడవని పాసుపుస్తకానికి ఇంత, పలుపు విప్పడం వల్ల ఈది గట్టెక్కిన గేదెకు ఇంత, ముందే మట్టలు కొట్టించిన చెట్టుకు ఇంత, చెవి ఊళ్లోనే ఉన్న షెల్టరుకు ఇంత అని రేట్లు ప్రకటించాలి. జాబితా సచివాలయం గోడకు అంటించాలి. అందులోనూ అనర్హులు చేరతారు, తెలుసు. పోయిన గేదెను మిగిలిందని రాయించుకునేవాళ్లు, పక్కింటి పొడి కాగితాలు తెచ్చి చూపించేవాళ్లు బయల్దేరతారు. మా పార్టీవాళ్లవి మిగిలినా రాయలేదని ధర్నాలు జరుగుతాయి. ఆ ధర్నాలు చూడాలని నాకు చాలా ఆశగా ఉంది.

దరఖాస్తుకు ఫోటో తప్పనిసరి చేయాలి. దరఖాస్తుదారు నిలబడి ఉన్న గోడకు ఆనుకుని, పొడి బట్టల్లో, ఒక చేత్తో వెలుగుతున్న టార్చిలైటు పట్టుకుని తీయించుకోవాలి. టార్చి పక్కింటిది కాదని వీఆర్‌వో ధ్రువీకరించాలి.