కట్లు విప్పే పని ఎవరిది?

చనిపోయిన లాజరును సమాధిలోంచి పిలిచింది యేసు. కట్లు విప్పింది మాత్రం ఆయన కాదు. యోహాను 11 చదివేటప్పుడు మన కూడికల్లో గబగబా దాటేసే సంగతి ఇదే. మనిషి ప్రాణంతో బయటికొచ్చాడు, కానీ కాళ్లూ చేతులూ ప్రేతవస్త్రాలతో బిగిసే ఉన్నాయి, ముఖానికి రుమాలు. "మీరు అతని కట్లు విప్పి పోనియ్యుడి" అన్నది చుట్టూ నిలబడ్డవాళ్లతో. అంతకుముందు రాయి తీయమన్నదీ మనుషులనే.

మరి మనం? తాగుడు మానేశానని ఎవరైనా అనడం ఆలస్యం, మూడో వారానికల్లా మైకు చేతికిచ్చి సాక్ష్యం చెప్పించేస్తాం. రుమాలు ఇంకా ముఖం మీదే ఉంది! రేపు కాలు జారితే ఆ మనిషి సంఘం గడప తొక్కడు. అందరి ముందూ చెప్పిన మాటే అడ్డం పడుతుంది.

ముందు ఒంటి సంగతి చూడాలి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలు, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పి లేనివి కనిపిస్తాయి. ప్రాణాలే పోవచ్చు. దాన్ని దయ్యమనుకుని గదిలో పెట్టి తలుపేసి ఉపవాస ప్రార్థన చేయడం భక్తి కాదు, నిర్లక్ష్యం. ఆస్పత్రిలో చేర్చి మంచం పక్కన కూర్చుని ప్రార్థించండి, ఎవరొద్దన్నారు?

ఆ తర్వాత అప్పులు. ఆరేళ్లు చాకిరీ చేసిన దాసుణ్ణి ఏడో ఏట విడిచిపెట్టేటప్పుడు వట్టి చేతులతో పంపొద్దనీ, మందలోంచీ కళ్లంలోంచీ ద్రాక్షగానుగలోంచీ ధారాళంగా ఇచ్చి పంపమనీ ద్వితీయోపదేశకాండం 15 చెబుతుంది. చేతిలో ఏమీ లేనివాడు తిరిగి తిరిగి పాత యజమాని గుమ్మానికే చేరతాడు మరి. కాబట్టి ఎవరికి ఎంత బాకీ, అసలెంత, వడ్డీ ఎంత, ఏ కాగితం మీద సంతకం పెట్టారు, అన్నీ ఒకచోట రాయించండి. జీతం అందిన సాయంత్రం తోడుండండి, అన్నిటికంటే గండం ఆ పూటే. దాసుడైన ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమని అతని యజమాని ఫిలేమోనుకు రాసిన పౌలు, నేనే తీరుస్తానని సొంత చేత్తో రాసిచ్చాడు. ఆ పత్రిక మీద ప్రసంగాలకు కొదవ లేదు, అలా రాసిచ్చే చేతులే కరువు.

సాయం చేసేవాళ్లు కనీసం ఇద్దరుండాలి. అర్ధరాత్రి ఫోన్లన్నీ ఒక్కరే ఎత్తితే ఆ ఒక్కరూ చతికిలబడతారు. కొత్తగా మానినవాళ్లని పాత స్నేహితుణ్ణి మార్చి రమ్మని బారుకి పంపకండి. సరిచేయబోయినవాడు తానూ శోధనలో పడకుండా చూసుకోవాలని గలతీ 6 ఊరికే హెచ్చరించలేదు.

ఇక "పోనియ్యుడి" అన్న మాట. ఇక్కడే మనం ఎక్కువ తప్పుతున్నాం. కట్లు విప్పి, అదే తాడుతో మన సంఘానికి కట్టేసుకుంటాం: జీవితాంతం కుర్చీలు సర్దాలి, పాస్టరుగారి మాట దాటకూడదు. మార్కు 5లో సేన అనే దయ్యం పట్టినవాణ్ణి చూడండి. ఒంటిమీద గుడ్డ లేకుండా తిరిగినవాడు బట్టలు కట్టుకుని, స్వస్థచిత్తంతో కూర్చున్నాడు (ఆ బట్టలు ఎవరిచ్చారో మార్కు చెప్పడు, ఎవరో ఇచ్చే ఉంటారు). నీతోనే ఉంటానని బతిమాలాడు. యేసు ఒప్పుకోలేదు, ఇంటికి, నీ వాళ్ల దగ్గరికి వెళ్లమన్నాడు.