ప్రైమరీ పిల్లల సైన్సు: తెర ఎక్కడ పనికొస్తుంది?

జూన్ దగ్గరపడితే చాలు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్ దాకా ప్రైవేటు స్కూళ్ల ఫ్లెక్సీల మీద ‘డిజిటల్ క్లాస్‌రూమ్’ అన్న మాట పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. సర్కారు బడుల్లోకీ తెరలు వస్తున్నాయి. మంచిదే. కానీ ఆ తెర ముందు కూర్చున్న నాలుగో తరగతి పిల్ల అసలు ఏం చేస్తోందని అడ్మిషన్ల వేళ అడిగే తల్లిదండ్రులు తక్కువ. చాలాచోట్ల జరిగేది ఒకటే: టీచర్ వీడియో పెడతారు, పిల్లలు చూస్తారు, తర్వాత ప్రశ్నలు జవాబులు నోట్సులో ఎక్కించుకుంటారు. బోర్డు మారింది గానీ పిల్లల పని మారలేదు.

మూడు నుంచి ఐదో తరగతి దాకా పరిసరాల విజ్ఞానంలో ఉండేదంతా దాదాపు చేతికి అందేదే. నీళ్లు, మట్టి, మొక్క, పురుగు, తిండి, ఎండ, నీడ. తడిగుడ్డలో పెసలు మూటకడితే రెండో రోజుకే మొలకలొస్తాయి. దానికి యానిమేషన్ ఎందుకు? అందేదాన్ని తెర మీద చూపించడం పిల్లల సమయాన్ని వృథా చేయడమేనని నా అభిప్రాయం. కంటికి కనపడనిది, మనం వెళ్లలేని చోటిది, నెలల తరబడి కనిపెట్టుకుని చూడాల్సింది వచ్చినప్పుడు మాత్రం ఆన్‌లైన్ సాధనాలకు సాటి లేదు. వాటిని కొనేముందు, వాడేముందు ఈ తేడా చూసుకోవాలి.

ఈ వాదనకు గట్టి ఎదురుదెబ్బ లాంటి పరిశోధన ఒకటుంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ‘ఫెట్’ సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద మనమే మార్చి మార్చి చేసి చూసే నమూనా ప్రయోగాలు, మొదలుపెట్టారు. ఇవి ఉచితం. కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. 2005లో ఆ బృందం ప్రచురించిన అధ్యయనంలో, నిజం బల్బులు, వైర్లతో ల్యాబ్ చేసిన కాలేజీ విద్యార్థుల కన్నా, కంప్యూటర్‌లో సర్క్యూట్లు కట్టినవాళ్లకే విషయం బాగా అర్థమైందని తేలింది. అసలు సామాన్లు చేతికిచ్చి సర్క్యూట్ కట్టమన్నా వాళ్లదే పైచేయి అయింది.

అలాగైతే బల్బులు పక్కన పడేయొచ్చా? తొమ్మిదేళ్ల పిల్లల దగ్గరికొచ్చేసరికి నేను ఒప్పుకోను. కాలేజీకొచ్చినవాళ్లు అప్పటికే ఎన్నో స్విచ్చులు, సెల్లులు, టార్చిలైట్లు చూసి ఉంటారు. సిమ్యులేషన్ వాళ్లకు కలిపిందల్లా అసలు పరికరంలో కనపడని ఒక్క సంగతి: వైరు లోపల ఏం జరుగుతోందో. నాలుగో తరగతి పిల్లాడికి సెల్లూ బల్బూ కూడా ఇంకా కొత్తే. ఒక సెల్లు, ఒక టార్చి బల్బు, ఒక్క వైరు ముక్క ఇచ్చి వెలిగించమనండి. పిల్లలు ముందుగా బల్బు అడుగు భాగాన్ని సెల్లు బుడిపె మీద పెట్టి, ఎందుకు వెలగట్లేదని చూస్తారు. తర్వాత వైరు ఒక కొస సెల్లుకీ, రెండో కొస మళ్లీ బల్బు అడుక్కే తాకిస్తారు. బల్బుకు తాకాల్సిన చోట్లు రెండున్నాయనీ, ఒకటి అడుగున, మరొకటి మరలు ఉన్న పక్క గోడ మీద ఉందనీ వేళ్లతో తిప్పి తిప్పి కనుక్కుంటారు. వెలిగిన క్షణాన క్లాసులో పుట్టే కేక ఏ యాప్‌లోనూ పుట్టదు. సరిగ్గా అప్పుడు ఫెట్ సర్క్యూట్ తెరవాలి. చుట్టు పూర్తయితేనే ఎలక్ట్రాన్లను చూపే నీలం చుక్కలు కదులుతాయి, ఎక్కడ తెగినా మొత్తం ఆగిపోతాయి. సెల్లు రెండు కొసల్నీ నేరుగా వైరుతో కలిపేస్తే తెర మీద మంటలొస్తాయి. ఇంట్లో ఎవరూ చేయకూడని ఆ పని అక్కడ భయం లేకుండా చేసి చూడొచ్చు.

ఈ క్రమంలో ఒక్క నియమం తప్పనిసరి. మౌస్ ముట్టుకునే ముందు ఏమవుతుందో ఊహించి నోట్సులో బొమ్మ గీయాలి. ఊహ తప్పితేనే పిల్లలు ‘ఎందుకు?’ అని అడుగుతారు. ఊహే లేకపోతే ఎంత మంచి సిమ్యులేషనైనా వీడియో గేమే.

వెళ్లలేని చోటి సంగతికి హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. మన నగరం మీద ఏడాదికి రెండుసార్లు, మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో, సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్ర నీడ దాని మొదట్లోనే మాయమైపోతుంది. మేలో బడులకు సెలవులు. ఆగస్టులో బడి ఉంటుంది గానీ మబ్బులు. సుమారు 12 గంటల 20 నిమిషాలకు పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి స్టీలు గ్లాసో, పైపు ముక్కో నిలబెట్టాల్సిందే. మబ్బు కమ్మితే, ఏ ఊరి నుంచి ఏ రోజున ఆకాశం ఎలా కనిపిస్తుందో తెర మీద చూపించే స్టెలేరియం ఉంది. అదీ ఉచితమే. అయితే ఎండ కాసినా సరే, అది తెరవాలనే అంటాను. ఎందుకంటే ఊరి పేరు ఢిల్లీగా మార్చి, తేదీలు ఒక్కొక్కటే జరిపి చూస్తే ఏడాది పొడవునా సూర్యుడు అక్కడ నడినెత్తికి రాడు. సూర్యుడు నడినెత్తికి రాగల ఉత్తరపు హద్దు కర్కాటక రేఖ. ఢిల్లీ దానికి ఉత్తరాన ఉంది, మనం దక్షిణాన ఉన్నాం. గ్రౌండ్‌లో నిలబడి ఆ పోలిక చూడటం అసాధ్యం.

మొక్కలు, పక్షుల యాప్‌ల విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. ‘సీక్’ యాప్ కెమెరాలో ఆకును చూసి మొక్క పేరు చెప్పేస్తుంది, ‘మెర్లిన్’ యాప్ కూత విని పిట్ట పేరు చెప్పేస్తుంది. రెండూ అద్భుతమైనవే. కానీ పేరు దొరకగానే పిల్లల చూపు పక్కకు పోతుంది. మన దేశంలో నడుస్తున్న సీజన్‌వాచ్ పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. అందులో ఒక చెట్టును ఎంచుకుని, వారం వారం లేత ఆకులున్నాయా, పూత వచ్చిందా, కాయ పడిందా అని చూసి నమోదు చేయాలి. బడి ఆవరణలో వేపో, రేలో, మామిడో ఉంటే చాలు. ఆ సాధనం పిల్లలకు జవాబు ఇవ్వదు, వాళ్ల దగ్గర్నుంచే తీసుకుంటుంది. తమ బడి చెట్టు లెక్క దేశమంతటి లెక్కలో కలుస్తోందని తెలిసిన పిల్లలు ఆ చెట్టును వదలరు.

కరోనా కాలం మనకు ఒక చేదు పాఠం నేర్పింది. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. బడులు మూతపడిన రోజుల్లో అది అవసరమే, టీచర్లు శ్రమపడ్డారు కూడా. కానీ టీవీలో చెప్పే పాఠాన్ని పిల్లలు ఆపి ‘ఇదెలా?’ అని అడగలేకపోయారు. ఆ ఏడాదే ఆన్‌లైన్ తరగతుల కోసం కేంద్రం ఇచ్చిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు ఎనిమిదో తరగతి దాకా రోజుకు 30 నుంచి 45 నిమిషాల సెషన్లు రెండుకు మించొద్దన్నాయి. బడులు తెరిచాక ఆ పరిమితిని అందరూ మరిచిపోయారు. క్లాసులో గంట, హోంవర్క్ యాప్‌లో అరగంట, పాఠ్యపుస్తకంలోని ‘దీక్ష’ పోర్టల్ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలని సాయంత్రం నాన్న ఫోన్ కోసం ఎదురుచూపు. ఇవన్నీ కలిపి లెక్కపెట్టేవాళ్లే లేరు.

ఉచితమనే పేరుతో పిల్లల పేరు, ఫొటో, ఫోన్ నంబర్ అడిగే యాప్‌లను బడులు గేటు దగ్గరే ఆపాలి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఇక్కడ చెప్పిన ఫెట్, స్టెలేరియం పిల్లల చేత ఏ అకౌంటూ తెరిపించకుండానే నడుస్తాయి.

ఇదంతా చివరికి టీచర్ మీదే పడుతుంది. ఒకే టీచర్ రెండు మూడు తరగతులు చూసుకునే బడిలో, నలభై నిమిషాల పీరియడ్‌లో సెల్లులు పంచాలి, ఊహలు రాయించాలి, తెర తెరవాలి అంటే ఎవరో ముందే సర్దిపెట్టాలి. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ చేయదగిన పని ఇక్కడే ఉంది. ప్రతి పాఠానికి మరో వీడియో తీయించే బదులు ఒక్క పేజీ తెలుగు షీటు ఇవ్వాలి: పిల్లలు ముందు ఊహించాల్సిన ప్రశ్న, చేతికివ్వాల్సిన సామాను, ఆ తర్వాతే తెరవాల్సిన సిమ్యులేషన్. సిమ్యులేషన్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే క్లస్టర్ సమావేశాల్లో పంచొచ్చు. సెల్లులు, టార్చి బల్బులు, వైర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. వాటికి అయ్యే ఖర్చు, ఒక్క స్మార్ట్‌బోర్డు ధరతో పోలిస్తే ఏ పాటిదో అధికారులే లెక్క వేసుకోవచ్చు.