జాలరి ఇంట్లో పెరిగిన జ్యూస్ గారబ్బాయి

గ్రీకు పురాణాల ఫాంటసీ సినిమాల మీద ఒక పోస్టు తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: 'ఆ హీరోలు మనలాంటి మామూలు మనుషులు. పేదింట్లో పెరిగారు. ఎవరి అండా లేకుండా, సొంత కష్టంతో, ప్రాణాలకు తెగించి దేవుళ్ళనే ఎదిరించారు. మన హీరోల్లా వంశం పేరు చెప్పి తొడ కొట్టరు.' మన తొడల సంగతి నేనేమీ కాదనను. మిగతావి మాత్రం ఒక్కొక్కటీ చూడాల్సిందే.

'పెర్సియస్ జాలరి బిడ్డ.' 2010లో వచ్చిన 'క్లాష్ ఆఫ్ ది టైటన్స్' హీరోని చూసి అన్న మాట ఇది. సముద్రంలో కొట్టుకొచ్చిన పెట్టెలోంచి పసివాణ్ణి తీసి పెంచినవాడు జాలరే, నిజమే. కానీ ఆ పెట్టెలో చనిపోయి ఉన్న తల్లి రాజుగారి భార్య. తండ్రి సాక్షాత్తూ గ్రీకు దేవతల రాజు జ్యూస్. అసలు పురాణం ఇంకా విడ్డూరం. అందులో తల్లి డానే ఆర్గోస్ రాజు కూతురు. బిడ్డను చేరదీసిన జాలరి డిక్టిస్ ఎవరయ్యా అంటే, సెరిఫోస్ దీవిని ఏలే రాజుకి తోడబుట్టినవాడు! ఆ ఊళ్ళో వల విసరాలన్నా రికమండేషన్ కావాలేమో.

'ఎవరి సాయమూ తీసుకోలేదు.' ఇక్కడే నాకు నవ్వాగలేదు. 1981 నాటి పాత 'క్లాష్ ఆఫ్ ది టైటన్స్' తీసుకోండి. జ్యూస్ హుకుం వేయగానే దేవతలు కత్తి, డాలు, పెట్టుకుంటే మనిషి మాయమయ్యే శిరస్త్రాణం పంపిస్తారు. ఆ డాలులో నాన్నగారి ముఖం ప్రత్యక్షమై జాగ్రత్తలు కూడా చెబుతుంది. వీడియో కాల్ అన్నమాట. అబ్బాయిగారు ఆ శిరస్త్రాణాన్ని బురదలో పోగొట్టుకుని వస్తాడు. మనింట్లో అయితే వీపు విమానం మోత మోగేది. జ్యూస్ ఏం చేశాడు? 'నీ గుడ్లగూబను వాడికిచ్చెయ్' అని జ్ఞానదేవత ఎథీనాను ఆజ్ఞాపించాడు. ఆవిడకు ప్రాణం ఒప్పలేదు. దేవతల కమ్మరి హెఫెస్టస్ చేత అచ్చం దానిలాంటి లోహపు గుడ్లగూబను చేయించి పంపింది. పోగొట్టుకున్నవాడికి ఒక్క తిట్టు లేదు, కొలిమి దగ్గర మాత్రం ఓవర్‌టైమ్.

2010 పెర్సియస్ కాస్త రోషగాడు. దేవుళ్ళిచ్చిన కత్తి ముట్టనని, మనిషిగానే గెలుస్తానని భీష్మించుకుంటాడు. పోస్టులో వాళ్ళకు బాగా నచ్చిన సీను ఇదే. అయితే సినిమా అక్కడితో అయిపోలేదు కదా. పాతాళంలో పడవవాడికి కిరాయి కట్టడానికి జ్యూస్ స్వయంగా దిగివచ్చి బంగారు నాణెం చేతిలో పెడతాడు. వద్దన్న కత్తే చివరికి చేతికొస్తుంది. పాతాళ దేవుడు హేడిస్ మీదికి విసిరితే దానికి నాన్నగారి పిడుగు తోడవుతుంది. పాకెట్ మనీ తీసుకుంటూ ఆత్మాభిమానం గురించి మాట్లాడటం మనకేం కొత్త కాదు గానీ, దాన్ని సొంత కష్టం అనకండి.

'జీరో నుంచి హీరో అయిన హెర్క్యులస్.' 1997 డిస్నీ కార్టూన్‌లో ఈ జీరో గారు ఉయ్యాల్లో ఉండగానే తండ్రి మేఘాలతో రెక్కల గుర్రాన్ని చేసి కానుకిచ్చాడు. పురాణంలో అయితే హెర్క్యులస్‌కి ముత్తాత పెర్సియస్, ఆ పెర్సియస్‌కి తండ్రి జ్యూస్. హెర్క్యులస్‌కి తండ్రి కూడా జ్యూసే! శుభలేఖ వేయిస్తే ప్రెస్సువాడు అచ్చుతప్పు అనుకుని ఫోన్ చేస్తాడు.

'పెర్సీ జాక్సన్‌కి చదవడమే కష్టం, పాపం.' అవును, 2010లోనే వచ్చిన 'పెర్సీ జాక్సన్' సినిమాలో ఆ కుర్రాడికి అక్షరాలు గందరగోళంగా కనిపిస్తాయి. ఎందుకట? అతని బుర్ర ప్రాచీన గ్రీకు కోసం తయారైందట. లోపం కూడా వంశవృక్షంలోంచే ఊడిపడింది. నీళ్ళు తగిలితే గాయాలు మానిపోతాయి, ఎందుకంటే నాన్న సముద్రదేవుడు పోసైడన్.

ఒక్క సినిమా విషయంలో మాత్రం పోస్టు రాసినవాళ్ళతో సగం ఏకీభవిస్తా. 2014 'హెర్క్యులస్'లో పనంతా టీము కలిసి చేస్తుంది. 'జ్యూస్ కొడుకు ఒంటిచేత్తో చంపాడు' అని మేనల్లుడు ఊరూరా ప్రచారం చేస్తాడు. పబ్లిసిటీ ఎలా నడుస్తుందో దాచకుండా చూపించింది అదొక్కటే.

ఇక 'ప్రాణాలకు తెగించడం.' తెగించారు, కాకపోతే పోయినవి ఎక్కువగా పక్కవాళ్ళవి. 2010 పెర్సియస్ వెంట చూపుతోనే మనుషుల్ని రాళ్ళు చేసే మెడూసా గుహలోకి దిగినవాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. కథ చివర జ్యూస్ బతికించి పంపింది మాత్రం హీరోకి మనసైన ఇయోని. ఆ సైనికులకూ ఇళ్ళల్లో ఎదురుచూసేవాళ్ళు ఉండే ఉంటారు, కానీ వాళ్ళ నాన్నలు దేవతలుండే ఒలింపస్‌లో పనిచేయడం లేదు.

మన జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్ 2011లో తీసిన 'ఇమ్మోర్టల్స్' ఇంకో మెట్టు ఎక్కింది. అందులో హీరో తీసియస్‌ని అందరూ పల్లెటూరి అనామకుడంటారు. కానీ అతనికి చిన్నప్పటి నుంచీ యుద్ధవిద్య నేర్పిన ముసలాయన మారువేషంలో ఉన్న జ్యూసే. ఆఖరి యుద్ధంలో తీసియస్ కూడా నేలకొరుగుతాడు, జ్యూస్ అతన్ని ఒలింపస్‌కి తీసుకుపోతాడు. అదే పోరులో, దేవుళ్ళ విల్లు అందుకుని దేవుళ్ళ పాత శత్రువైన ఒక టైటన్‌ని కూల్చి మరీ చచ్చిపోయిన దొంగ స్టావ్రోస్‌కి మాత్రం పైన సీటు దొరకలేదు.