వియ్యంకుడి పంచె మీద ఆర్టోస్

ఇది మొన్న ఆదివారం నాటి సంగతి. మరక ఇంకా వదలలేదు, నా మంటా చల్లారలేదు.

కరీంనగర్ వాస్తవ్యులైన మా వియ్యంకులకు ఆర్టోస్ రుచి చూపించాలన్నది నా రెండేళ్ళ కోరిక. 1919లో రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు గారు సోడాతో మొదలుపెట్టిన సంస్థ వారి ఈ ద్రాక్ష రుచి పానీయం, 1977లో దేశం విడిచిపోయి 1993లో తిరిగివచ్చిన విదేశీ కోలాకు కూడా జంకక గోదావరి పెళ్ళిపందిళ్ళలో నిలబడిందని వారికి ఫోనులోనే పలుమార్లు ఉపన్యసించి ఉన్నాను. అందుచేత ఊరినుంచి వస్తూ డజను గాజు సీసాలు అట్టపెట్టెలో పెట్టుకొని రాత్రి బస్సెక్కాను.

“గాజు సామాను పైకి రాకూడదు సార్, రూలు” అన్నాడు బస్సు కుర్రాడు. నా పక్క సీటాయన మూడు పనసకాయలను పసిపిల్లలలాగా ఒళ్ళో పడుకోబెట్టుకొని ఉన్నా, ఆ రూలు పనసకాయల దాకా పోలేదు. నా పెట్టె మాత్రం వెనక చక్రాల పక్కనున్న డిక్కీలోకి వెళ్ళి, రాత్రంతా ప్రతి గుంతకూ ఎగిరింది.

మధ్యాహ్నం వియ్యంకులు వచ్చారు. వియ్యపురాలు తెచ్చిన మిఠాయి డబ్బాలతో ఫ్రిజ్ నిండిపోయింది కనుక సీసాలు బయటే ఉన్నాయి. నీటిలో బొగ్గుపులుసు వాయువును ఒత్తిడితో ఇరికించి మూత బిగిస్తారనీ, వేడెక్కిన నీరు ఆ వాయువును పట్టి ఉంచలేదనీ, కుదిపితే బుడగలు మరీ చెలరేగుతాయనీ నేను చిన్నప్పుడు పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకొన్నాను. అయినా హాలు మధ్యలో నిలబడి, ఎడమ చేత సీసా, కుడి చేత ఓపెనర్ పట్టుకొని, గోదావరి మర్యాద గురించి ఒక వాక్యం మొదలుపెట్టాను. ఆ వాక్యానికి క్రియాపదం ఇప్పటికీ దొరకలేదు.

మూత ఒక పక్క లేచింది. మొదట తుస్సుమన్న చిన్న శబ్దం వచ్చింది. దానిని నేను శుభసూచకంగా భావించి చిరునవ్వు కూడా నవ్వాను. తరువాత ఊదారంగు నురుగు సీసా మూతిని విడిచి పైకి లేచి, పంకా రెక్కకు తగిలి, అక్కడినుంచి సమన్యాయంగా అందరికీ పంచిపెట్టబడింది. కంగారులో నేను బొటనవేలితో మూతి మూయబోయాను. దానితో చిమ్మడం ఆగకపోగా గురి మాత్రం కుదిరింది. ఆ గురి మా వియ్యంకుడి తెల్లటి పట్టు పంచె. ఆయన లేవలేదు, అరవలేదు. మీసానికి వేలాడుతున్న చుక్కను నాలుకతో అందుకొని, కొంతసేపు ఆలోచించి, “మంచిగనే ఉన్నది బావగారూ, ఇంకోటి ఉన్నదా?” అన్నారు.

ఇంకా పదకొండు ఉన్నాయి. వాటిని నీళ్ళ బకెట్‌లో ముంచి స్నానాలగదిలో పెట్టి తలుపు వేశాము. అంతలో బస్సు వారినుంచి సందేశం వచ్చింది: మీ ప్రయాణం సుఖంగా సాగిందా, నక్షత్రాలు ఇవ్వండి అని. ఒక్కటే ఇద్దామని నొక్కాను. వేలికి అంటిన పాకం వల్లనో ఏమో, అయిదూ వెలిగాయి.